కొళాయికి మోటారు పెట్టిన ఎదురింటోళ్లకు ఎలా చెప్పాలి? (కర్నూలు పాతబస్తీ)

పాతబస్తీ ఉగ్గాని అక్క:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు పాతబస్తీ, హంద్రీ వైపు ఒక ఇరుకు సందు. మా ఇంటాయన ఆటో కూడా సందు మొదట్లో ఆపి నడిచి రావాల్సిందే. పద్నాలుగు ఇళ్లు, మాది నడిమధ్యలో ఉంటుంది. పొద్దున పూట ఇంటి ముందరే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేసి అమ్ముతాను. నీళ్ల సంగతి ఒకటి అడగాలి. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికతో చదవండి.

మాకు రోజు మార్చి రోజు తెల్లారుజామున ఐదు గంటలకు కార్పొరేషన్ నీళ్లు వదులుతారు. గంటసేపు వస్తాయి. కొళాయిలన్నీ ఇంటి ముందర గుంతల్లో ఉంటాయి, ఎత్తులో పెడితే నీళ్లెక్కవు. ఒకరు గుంతలో దిగి బిందె పట్టి పైకి అందిస్తే ఇంకొకరు లోపలికి మోసుకుపోతారు. మా అత్తమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇట్లే. ఉగ్గానికి ఎన్ని నీళ్లు కావాలో చేసేవాళ్లకు తెలుసు. బొరుగులు నానబెట్టాలి, పిండాలి, ఆ నీళ్లు పారబోసి ఇంకో వాయికి మళ్లీ పోసుకోవాలి. ప్లేట్లు కడగాలి. తిన్నవాళ్లకు తాగడానికి చెంబు పెట్టాలి. నీళ్లు పట్టుకోలేని రోజు నేను పొయ్యి వెలిగించను, ఆ రోజు సంపాదన లేనట్టే.

పోయిన వానాకాలం తర్వాత ఎదురింటి ఆపా (ఉర్దూలో అక్క అని, మేం అట్లే పిలుస్తాం) వాళ్లు కొళాయి పైపుకు నేరుగా మోటారు బిగించారు. నీళ్లు వచ్చీ రాగానే స్విచ్ వేస్తారు. వాళ్ల మిద్దె మీదున్న ట్యాంకు నిండేదాకా ఆపరు. ఆ మోత మొదలైతే మా కొళాయిలో ధార చిటికెన వేలంత అయిపోతుంది. కొన్నాళ్లకు పక్కింటోళ్లు పెట్టారు, తర్వాత సందు మొదట్లో అద్దెకున్నవాళ్లు పెట్టారు. ఇప్పుడు మా సందులో ఐదు మోటార్లు. మా ఇంటాయన కూడా అర హెచ్‌పి మోటారు ధర కనుక్కుని వచ్చాడు. "అందరూ లాగుతుంటే మనం చూస్తా కూర్చోవాలా" అంటాడు. ఆయనకు ఏం జవాబు చెప్పాలో నాకు తెలియడం లేదు.

సందు చివర ఒక అవ్వ ఒక్కతే ఉంటుంది. మోటార్లు ఆడినంతసేపూ ఆమె కొళాయిలో చుక్క రాదు. నాలుగున్నరకే లేచి గుంత పక్కన చిన్న పీట వేసుకుని కూర్చుంటుంది. మోటార్లు ఆగేసరికి నీళ్లు వదిలే టైం అయిపోతుంది. నేను రెండు బిందెలు పోసి వస్తాను. మొన్నటిదాకా పోయించుకునేది. ఈ మధ్య "నీ యాపారానికే చాలవు, వద్దులే పాపా" అంటోంది. పింఛను దుడ్లలోంచి తాగడానికి నీళ్ల క్యాన్ కొంటోంది. స్నానానికి ఏం చేస్తోందో అడగడానికి నాకు నోరు రాలేదు.

నేరుగా ఆపాతో చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెప్పలేకపోవడానికి కారణం ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు మాది రేకుల ఇల్లు. నీళ్లు కిటికీ దాటుతుంటే ఆపా వాళ్ల మామ, ఇప్పుడాయన లేరు, మమ్మల్ని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి వాళ్ల మిద్దె మీదికి ఎక్కించారు. మా పెద్దోడు అప్పుడు చంటిబిడ్డ. సందులో సగం మందిమి ఆ మిద్దె మీదే ఉన్నాం. వాళ్లింట్లో ఉన్న బియ్యం, చక్కెర, పాలపొడి పిల్లలున్న వాళ్లకు ముందు ఇచ్చారు. నీళ్లు తీసినాక మా ఇంట్లో బురద ఎత్తిపోయడానికి వాళ్ల ఆడపిల్లలు కూడా వచ్చారు. అట్లాంటి ఇంటి మీద కాగితం రాసివ్వమంటే నాకు చెయ్యి రాదు. ఏమీ అనకుండా ఉంటే అవ్వ ముఖం చూడలేకపోతున్నా.

ఇంకొకటి. ఈ రెండు మూడు నెలల నుంచి మొదటి బిందె నీళ్లు మురుగు వాసన వస్తున్నాయి. ఇంతకుముందు ఇట్లా లేదు. దానికీ మోటార్లకూ ఏమైనా సంబంధం ఉందా?

తెలిసినవాళ్లు చెప్పండి. మేం కూడా మోటారు కొనడం సరైనదేనా? ఆపాతో ఏ మాటతో మొదలుపెట్టాలి? అవ్వకు నీళ్లు వచ్చే దారి ఏదైనా ఉందా?

కల్లూరు వాస్తవ్యుడు:

అక్కా, ఇందులో మొహమాటం ఏముంది. కార్పొరేషన్ లైనుకు నేరుగా మోటారు పెట్టకూడదు. ఫిర్యాదు చేస్తే వచ్చి మోటార్లు తీసుకుపోతారు. మీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు, నీళ్లు, లైట్లు వాళ్లే చూస్తారు. అక్కడ పలకకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. మోటారు పెట్టినవాళ్ల పేర్లు రాయక్కర్లేదు, "మా సందులో" అని రాస్తే చాలు. ఒకరికి భయపడి ముసలామె నీళ్లు లేకుండా ఉండాలా?

పాతబస్తీ ఉగ్గాని అక్క:

తమ్ముడూ, భయం కాదు నాయనా. వాళ్లంటే మాకు భయం ఎప్పుడూ లేదు. సందు పేరు రాసినా పద్నాలుగు ఇళ్లలో ఎవరు రాశారో తెలియకుండా ఉంటుందా? మోటారు తీసుకుపోయినంత మాత్రాన అవ్వకు నీళ్లు వస్తాయేమో గానీ, మరుసటి రోజు నుంచి ఆ ఐదిళ్లవాళ్లు ఆమె గడప తొక్కుతారా? ఆమెకు జ్వరమొస్తే మాత్ర తెచ్చిచ్చేది ఆ మొదటింటి అద్దె పిల్లోడే. నేను చేయగలిగిందంతా చేసినాక కూడా దారి లేకపోతే నువ్వు చెప్పిన ఆఫీసుకు పోతాను.

రిటైర్డ్ ఫిట్టర్:

అమ్మా, నేను నీళ్ల లైన్ల మీదే పనిచేసి రిటైరైన మనిషిని. ముందు మురుగు వాసన సంగతికి జవాబు చెప్తాను. అన్నిటికంటే అది అర్జెంటు.

మీ సందులో మెయిన్ పైపు నుంచి ప్రతి ఇంటికీ ఒక అర అంగుళం పైపు వస్తుంది. పాతబస్తీ సందుల్లో ఆ పైపులు చాలాచోట్ల మురికికాలువ కిందుగానో, కాలువలోంచో దాటుకుని పోతాయి. ఇనుప పైపైతే తుప్పు పట్టి సన్న రంధ్రాలు పడి ఉంటాయి. నీళ్లు ఒత్తిడితో వస్తున్నంతసేపు ఆ రంధ్రాల్లోంచి మంచినీళ్లే బయటికి కారతాయి, లోపలికి ఏమీ రాదు. మోటారు వేసినప్పుడు కథ తిరగబడుతుంది. మెయిన్లో వస్తున్న దానికంటే ఎక్కువ లాగుతుంది కాబట్టి పైపులో ఒత్తిడి పడిపోతుంది, ఒక్కోసారి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువైపోతుంది. చెరుకురసం అయిపోయినా స్ట్రా పీలుస్తుంటే గాలి వస్తుంది చూడు, అట్లా పైపు కూడా దొరికినదాన్ని పీల్చుకుంటుంది. అక్కడ దొరికేది కాలువ నీళ్లు. పైగా మీ కొళాయిలు గుంతల్లో ఉన్నాయన్నావు. గుంతలో నిలిచిన మురికిలో కొళాయి మూతి మునిగి ఉంటే, కొళాయి తిప్పి ఉన్నప్పుడు ఆ మురికి కూడా లైనులోకి పోతుంది. అంటే ఒక ఇంటి మోటారు లాగిన మురుగు ఆ ఇంటికి ఒక్కదానికే కాదు, సందు మొత్తానికీ వస్తుంది. మోటారు పెట్టినవాళ్ల ట్యాంకులోకి ముందుగా పోతుంది. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

అందుకని ఈ రోజు నుంచి చేయాల్సినవి. మొదటి బిందె పారబోయి, తాగడానికి వాడొద్దు. తాగే నీళ్లు తెర్లు కాగినాక ఒక నిమిషం అట్లే మరగనిచ్చి దించు. నువ్వు నలుగురికి తిండి పెట్టే మనిషివి, బొరుగులు నానబెట్టే నీళ్ల విషయంలో కూడా జాగ్రత్త, పిండినా కొంత నీళ్లు అందులో ఉంటాయి కదా. చివరి ఇంటి కొళాయిలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని నిబంధన. సచివాలయంవాళ్ల దగ్గర పరీక్ష చుక్కలుంటాయి, చిన్న గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. తిరగకపోతే క్లోరిన్ లేదని అర్థం. ఈ పరీక్ష చేయమని అడగడానికి ఎవరి మీదా ఫిర్యాదు రాయక్కర్లేదు. అవ్వ ఇంటి కొళాయి దగ్గరే చేయమను.

ఇక మోటారు కొనాలా అంటే, వద్దు. ఆరో మోటారు పెడితే మెయిన్లో నీళ్లు పెరగవు. కర్నూలుకు నీళ్లు సుంకేసుల బ్యారేజీ నుంచి, కె.సి. కెనాల్ నుంచి రావాలి, ఎండాకాలంలో మునగాలపాడు దగ్గరి సమ్మర్ స్టోరేజి ట్యాంకులో దాచిపెట్టినవి వాడాలి. తుంగభద్ర మరీ ఎండిపోతే గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి హంద్రీలోకి వదిలించుకున్న సంవత్సరాలు కూడా ఉన్నాయి. ఊరికే నీళ్లు కొలతతో వస్తున్నప్పుడు సందులో బలమైన మోటారు ఉన్నవాడిది పైచెయ్యి అవుతుంది. ఈ రోజు అర హెచ్‌పి పెడతావు, ఎదురింటోళ్లు ఒక హెచ్‌పి పెడతారు.

ఆపా వాళ్లకు మిద్దె మీదికి నీళ్లు కావాలి, అది న్యాయమైన అవసరమే. ఒక అంతస్తు ఇంటికి కూడా మెయిన్ దగ్గర 7 మీటర్ల ఒత్తిడి, అంటే నీళ్లు ఏడు మీటర్ల ఎత్తుకు ఎక్కేంత ఒత్తిడి, ఉండాలని ఇంజినీర్ల లెక్క. గుంతలో దిగి పట్టుకునే సందులో అంత ఒత్తిడి ఉండదు. వాళ్లు చేయాల్సింది ఏమిటంటే, కొళాయి నీళ్లు వాటంతట అవి పడేట్టు కింద ఒక సంపుగానీ ట్యాంకుగానీ పెట్టుకుని, మోటారు ఆ ట్యాంకులోంచి పైకి కొట్టాలి. అప్పుడు మోటారు ఎంతసేపు ఆడినా లైనుకు ఏమీ కాదు. తవ్వడానికి జాగా ఉంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు సంపు చాలు, వెయ్యి లీటర్లు పడతాయి. జాగా లేకపోతే 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. ఒత్తిడి ఓ మోస్తరుగా ఉన్నా అర అంగుళం కొళాయి నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు ఇస్తుంది. గంటలో 500 నిండుతుంది. ఆ మోటారే వాడుకోవచ్చు, కొత్తది కొనే పని లేదు.

ఇంకో మాట. గుంతల దగ్గర తడి చేతులతో ప్లగ్గులు పెట్టి తీస్తుంటారు. షాక్ కొట్టి పోయినవాళ్లను చూశాను. మోటారు కింద ట్యాంకు దగ్గరికి మారితే ఆ గండం కూడా తగ్గుతుంది.

అనంతపురం, రుద్రంపేట:

నేను మోటారు పెట్టినవాళ్లలో ఒకణ్ణి, ఆ వైపు నుంచి కూడా ఒకరు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. మేం పై పోర్షన్‌లో అద్దెకుంటాం. నాన్నకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పనిచేయవు. ఆయనకు రోజుకు రెండుసార్లు ఒళ్లు తుడవాలి, దుప్పట్లు ఉతకాలి. నా భార్య నడుం నొప్పితో పద్దెనిమిది మెట్లు బిందెలు మోసింది. ఇంటి ఓనరు సంపు తవ్వనివ్వలేదు. మోటారు పెట్టడం తప్ప అప్పుడు నాకు ఇంకో దారి కనపడలేదు.

మా వీధివాళ్లు బయట నిలబడి అరిచారు, దొంగ అన్నారు. ఆ మాట అనిపించుకున్నాక నేను తలుపు వేసుకుని ఇంకా గట్టిగా మోటారు నడిపించాను. ఎవరూ మెట్లెక్కి వచ్చి మా నాన్న మంచం చూడలేదు. ఒక్కరు వచ్చి "మీకు రోజుకు ఎన్ని నీళ్లు కావాలి" అని అడిగి ఉంటే నేను కూర్చుని మాట్లాడేవాణ్ణి.

అక్కా, మీ ఆపా ఇంట్లో ఎవరికి ఏముందో ముందు కనుక్కోండి. పోయిన వానాకాలం దాకా మోటారు లేకుండా గడిచిన ఇంట్లో ఇప్పుడెందుకు పెట్టారు? ఏదో మారి ఉంటుంది. అది అడగడంతో మొదలుపెట్టండి. ఫిట్టర్ గారూ, మీరు చెప్పిన 500 లీటర్ల ట్యాంకు మా మెట్ల కింద పడుతుంది. ఓనరును అడుగుతాను.

కడప టీచరమ్మ:

చెల్లెమ్మా, మాది ఎర్రముక్కపల్లి. మా వీధిలో కూడా ఇదే తగాదా రెండు వేసవులు నడిచింది. మేం చేసుకున్న ఏర్పాటు చెప్తాను, మీ సందుకు ఎంతవరకు సరిపోతుందో మీరే చూడండి.

మొదటి అరగంట ఎవరూ మోటారు వేయరు. చివరి మూడిళ్లవాళ్లు తాగడానికి, వంటకు పట్టుకోగానే వాట్సాప్ గ్రూపులో "అయింది" అని పెడతారు. అప్పుడు మిగతావాళ్లు వేసుకోవచ్చు. చెప్పడానికి ఇంతే. నిలబడటానికి మాత్రం చాలా కష్టపడ్డాం. చివరింట్లో ఒకావిడకు ఫోను వాడటం రాదు, ఆమె తరఫున పక్కింటి అబ్బాయి పెట్టేవాడు, వాడు ఇంటర్‌కు తిరుపతి వెళ్లిపోగానే మెసేజ్ ఆగిపోయింది, మళ్లీ గొడవ. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లకు ఈ సంగతే తెలియదు. ఇప్పుడు ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే కరెంటు బిల్లు, నీళ్ల టైము, మోటారు కట్టుబాటు మూడూ ఓనరే చెప్పాలని పెట్టుకున్నాం.

ఇందులో నాకు బాగా పనికొచ్చిందని అనిపించేది ఒకటుంది. మేం ఎవరింటికీ విడిగా వెళ్లి "మీరు ఆపండి" అనలేదు. మోటారున్న ఇళ్లవాళ్లనూ లేనివాళ్లనూ అందరినీ ఒక ఆదివారం మా వరండాలోకి పిలిచాం. ఐదిళ్లలో ఒక్కరినే ముందు అడిగితే, న్యాయమైన మాటే అయినా, "మమ్మల్నే ఎందుకు అంటున్నారు" అనే మాట వస్తుంది. మీకు ఆపా వాళ్లతో చనువు ఎక్కువ, కాబట్టి ఆమెకు ముందు చెవిన వేయండి. కానీ మాట్లాడేది అందరి ముందర పెట్టుకోండి.

బి క్యాంపు తల్లి:

అక్కా, మురుగు వాసన మాట తేలిగ్గా తీసుకోకండి. మా పాపకు ఇట్లాంటి నీళ్లతోనే విరేచనాలు పట్టుకుని ఒక్క రాత్రికే కళ్లు లోపలికి పోయాయి. పెద్దాసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇంట్లో ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు పెట్టుకోండి, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, సగం గ్లాసులో కలిపేస్తుంటారు, అది మంచిది కాదు. అవ్వ దగ్గర కూడా రెండు ప్యాకెట్లు ఉంచండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు రాత్రిపూట వస్తే ఎవరికీ తెలియదు.

పాతబస్తీ ఉగ్గాని అక్క:

అందరికీ దండాలు. ఇన్ని రోజులు రాయలేదు, చేయాల్సినవి చేసినాక చెబుదామని ఆగాను.

ముందు ఫిట్టర్ పెద్దాయన చెప్పినట్టు సచివాలయానికి పోయి క్లోరిన్ పరీక్ష అడిగాను. ఒకమ్మాయి తెల్లారుజామున వచ్చింది, మంచి పిల్ల. అవ్వ కొళాయిలో మోటార్లు ఆడుతున్నంతసేపు పరీక్షకు సరిపడా నీళ్లే రాలేదు. వచ్చినాక పట్టి చుక్కలు వేస్తే రంగు మారలేదు. మా ఇంట్లో కొంచెం పసుపు తిరిగింది. సందు మొదట్లో బాగా తిరిగింది. ఆ మూడు గొట్టాలూ పక్కపక్కన పెట్టి ఫోటో తీయించుకున్నాను. కాగితం రాయమని ఆ అమ్మాయి కూడా అనలేదు, లైను చూడమని ఫిట్టరుకు చెప్తానంది.

తర్వాత అనంతపురం తమ్ముడు చెప్పిన మాట పట్టుకుని మధ్యాహ్నం పూట ఆపా వాళ్లింటికి పోయాను. మోటారు ఊసెత్తకుండా "ఇంట్లో అందరూ ఎట్లున్నారు ఆపా" అని అడిగాను. ఆమె నన్ను పైకి తీసుకుపోయింది. వాళ్ల అత్త, నాకు వరదలో పొడి చీర ఇచ్చిన మనిషి, మంచంలో ఉంది. తుంటి విరిగి ఆపరేషన్ అయిందని మాకు తెలుసు, లేచి తిరుగుతోందనే అనుకున్నాం. లేవలేకపోతోంది. కోడలు నిండు గర్భిణి. ఆపాకు మోకాళ్ల నొప్పులు. మెట్ల మీద బిందె ఎవరు మోస్తారు? ఇవన్నీ ఎదురింట్లో ఉన్న నాకు తెలియలేదు, ఎందుకంటే పొద్దున అందరం గుంతల దగ్గర కలుసుకుని మాట్లాడుకునేవాళ్లం, మోటారు వచ్చినాక వాళ్లు కిందికి రావడమే మానేశారు.

నేను గొట్టాల ఫోటో చూపించాను. మురుగు ముందుగా మీ ట్యాంకులోకే పోతుందని పెద్దాయన రాసింది చదివి వినిపించాను. కోడలు భయపడింది. ఆ నీళ్లే తాగుతోంది ఆ పిల్ల. అవ్వ సంగతి చెప్పినప్పుడు ఆపా చాలాసేపు మాట్లాడలేదు. "ఆమెకు రావడం లేదని నాకెవరూ చెప్పలేదే" అంది. నిజమే, ఎవరూ చెప్పలేదు. సందులో అందరం ఒకరితో ఒకరం అనుకున్నాం గానీ ఆమెతో అనలేదు.

వాళ్లబ్బాయి అంత తొందరగా ఒప్పుకోలేదు. "మిగతా నలుగురు ఆపితే నేనూ ఆపుతా" అన్నాడు. టీచరమ్మ గారు రాసిన మాటే అచ్చంగా వచ్చింది. అందుకని ఆదివారం సాయంత్రం మా ఇంటి ముందర బెంచీలు వేసి అందర్నీ పిలిచాను. ఒక వాయి బజ్జీలు వేశాను. పన్నెండు ఇళ్ల నుంచి వచ్చారు. రెండు గంటలు వాదులాట జరిగింది, పాత విషయాలన్నీ తోడుకున్నారు, ఒకాయన లేచి వెళ్లిపోయి మళ్లీ వచ్చాడు. అవ్వ ఏమీ అడగలేదు, ఒక మూల కూర్చుంది. చివరికి మా అత్తమ్మ "ఈ సందులో పిల్లలందరి పురుళ్లకూ నీళ్లు కాచింది ఆమె" అని అవ్వను చూపించి గట్టిగానే అంది. అప్పుడు కొంచెం సద్దుమణిగింది.

ఇప్పటికి తేలిందేమంటే, ఐదున్నర దాకా మోటారు వేయకూడదు. నలుగురు ఒప్పుకున్నారు. మొదటింటి పక్కాయన ఒప్పుకోలేదు, ఆయన ఐదున్నర లోపే డ్యూటీకి పోవాలట, ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆయన నీళ్లు మా పిల్లలు పట్టిస్తారని చెప్పాం, ఇంకా ఏ మాటా చెప్పలేదు. అయినా నలుగురు ఆపిన మొదటి రోజే అవ్వ కొళాయిలో ధార వచ్చింది. సన్నగానే గానీ, రెండు బిందెలూ ఒక పెద్ద గంగాళమూ నిండాయి. మా ఇంటాయన మోటారు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆపా వాళ్లు కింద ట్యాంకు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. పెద్దాయనా, మీరు చెప్పాల్సినవి రెండున్నాయి. వాళ్ల మెట్ల కింద జాగా ఉంది, కానీ అది కొళాయి కంటే మూడడుగులు ఎత్తు. నీళ్లెక్కుతాయా? ట్యాంకు నిండినాక పొర్లిపోకుండా ఏం పెట్టాలి? ఆ అబ్బాయి రేపు సామాన్లకు పోతున్నాడు.

రిటైర్డ్ ఫిట్టర్:

మంచి పని చేశావు తల్లీ. మూడడుగులు ఎత్తయితే మీ సందు ఒత్తిడికి మోటార్లు ఆపి ఉంచే మొదటి అరగంటలో ఎక్కొచ్చు, తర్వాత ఎక్కదు. కొనేముందు పరీక్ష చేయించు. కొళాయికి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, మూతి ట్యాంకులో నీళ్లు పడే ఎత్తు దాకా, అంటే మూడడుగులకు ట్యాంకు ఎత్తు కూడా కలిపి, పైకెత్తి పట్టుకుని, బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో ఫోనులో చూడమను. రెండు మూడు నిమిషాల్లో నిండితే మెట్ల కిందే పెట్టుకోవచ్చు. ఐదు నిమిషాలు దాటితే లాభం లేదు. అప్పుడు పొడుగు ట్యాంకు వద్దు, గుంత పక్కనే నేల మట్టానికి 200 లీటర్ల డ్రమ్ము పెట్టుకుని, నిండినప్పుడల్లా మోటారుతో పైకి కొట్టుకోవాలి. మోటారు పీల్చే గొట్టం డ్రమ్ములోకి మాత్రమే దిగాలి, కొళాయి పైపుకు ఎక్కడా కలవకూడదు.

పొర్లకుండా ఉండటానికి అర అంగుళం బాల్ వాల్వు అడగమను, బాల్ కాక్ అంటే కూడా ఇస్తారు. బంతి ఇత్తడి కాడదైతే మన్నుతుంది. నీళ్లు పడే మూతి ట్యాంకు నిండు మట్టానికి రెండంగుళాలు పైనే ఉండాలి, నీళ్లలో మునగకూడదు. ట్యాంకుకు మూత తప్పనిసరి, దోమలు గుడ్లు పెడతాయి. ఇప్పటిదాకా మురుగు పోయిన పై ట్యాంకును ఖాళీ చేసి, బ్లీచింగుతో కడిగి, ఒక రోజు నీళ్లు వదిలేసి అప్పుడు వాడుకోమను, గర్భిణి ఉందన్నావు కాబట్టి మరీ.

లైను చూడటానికి ఫిట్టరు వస్తే అవ్వ ఇంటికి పోయే పైపు కాలువ దాటే చోట విప్పించి చూడమని అడుగు. మోటార్లు ఆపినా ఆ ఒక్క ఇంట్లో రంగు తిరగకపోతే పైపు అక్కడ చిల్లుపడి ఉండొచ్చు. మార్చేటప్పుడు కాలువకు పైనుంచి వేయించండి.